జనరల్ గారి చిన్నమ్మాయి



ఆ మధ్య కవిటి చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళు దర్శిస్తూ ఒక కొబ్బరితోట నడుమ ఉన్న ఇంటికి వెళ్ళాను. ఏ ఊరో, ఎవరి ఇల్లో చెప్పను. మంచి భక్తిగల కుటుంబం. మంచం వాల్చి కూర్చోబెట్టి, కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. పిల్లలెంతమంది అని అడిగాను. ముగ్గురు, ఫాదర్ గారూ, అన్నాడు ఇంటి యజమాని. ముగ్గురి పేర్లూ చెప్పి, వారి చదువులూ చెప్పాడు. అంతలో లోపలి గదిలోంచి ఎవరో పకపక నవ్విన శబ్దం వినిపించింది. తల్లి చటుక్కున లేచి లోపలికి వెళ్ళింది. నవ్వు ఆగిపోయింది. ఆ ఇంట్లో నాలుగో బిడ్డ ఉందనీ, ఆమెకు డౌన్ సిండ్రోమ్ అనీ తరువాత ఉపదేశి గారు చెబితే తెలిసింది.

ఆ తండ్రి నాతో అబద్ధమాడాడని నేను అనుకోలేదు. ఆయన లెక్క ఆయన చెప్పాడు. ఆ లెక్కే నన్ను ఇంటిదాకా వెంటాడింది. అందుకే ఈ వారం మీకు ఒక ఆడబిడ్డ జీవితం చెప్పాలనుకున్నాను.

ఆమె బతికింది ఇరవై ఏళ్ళ ముప్పైయారు రోజులు. బడికి వెళ్ళలేదు, పెళ్ళి కాలేదు, ఏ ఉద్యోగమూ చేయలేదు. ఆమె తేటగా పలికిన మాట నాన్న అన్న పిలుపు ఒక్కటేనని ఆమెను ఎరిగినవారు చెప్పారు. ఆ నాన్న పేరు మీలో పెద్దలు విని ఉంటారు: ఫ్రాన్సు దేశాన్ని రెండో ప్రపంచయుద్ధంలో నిలబెట్టి, తరువాత ఆ దేశానికి అధ్యక్షుడైన జనరల్ చార్లెస్ డిగాల్. మన తెలుగు నేలమీద కూడా ఆయన మాట చెల్లిన రోజులున్నాయి. 1940 సెప్టెంబరులో పుదుచ్చేరితో పాటు మన యానాం కూడా ఆయన నడిపిన స్వేచ్ఛా ఫ్రాన్సు పక్షం చేరింది. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. ముఖంలో నవ్వు కనబడదు. చర్చిల్ వంటివాడు కూడా ఆయనతో వేగలేక విసిగిపోయేవాడు. ఆ మనిషికి చిన్న కూతురు ఆన్.

ఆమె 1928 జనవరి 1న, నూతన సంవత్సరం నాడు, జర్మనీలోని ట్రియర్ నగరంలో పుట్టింది. మొదటి యుద్ధం తరువాత ఆ ప్రాంతంలో ఫ్రెంచి సైన్యం మకాం వేసి ఉండేది. తండ్రి అక్కడ ఒక పదాతిదళ బెటాలియన్‌కు అధిపతి. తల్లి ఇవోన్, కలే పట్టణపు ఆడపడుచు. వారి పెళ్ళి 1921 ఏప్రిల్‌లో అక్కడి గుడిలోనే జరిగింది. ఇద్దరూ తప్పకుండా పూజకు వెళ్ళే కతోలికులు. అప్పటికే వారికి ఫిలిప్ అనే కొడుకు, ఎలిజబెత్ అనే కూతురు ఉన్నారు. ఆన్ మూడో సంతానం.

కొద్దికాలంలోనే తల్లిదండ్రులకు సంగతి అర్థమైంది. బిడ్డ మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం అన్నీ ఆలస్యం. చూపు మందం. మాట రాలేదు. ఇంగ్లీషు వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లోనే ఈ లక్షణాలన్నిటినీ ఒకచోట చేర్చి రాశాడు. అయితే ఆయన దానికి పెట్టిన పేరు ఒక జాతి ప్రజలను కించపరిచేది. దశాబ్దాలు గడిచాక లోకం ఆ పేరును వదిలేసి ఆ వైద్యుడి పేరే దానికి పెట్టింది. ఆన్ పుట్టిన నాటికి దాని కారణం ఎవరికీ తెలియదు. కారణం తెలియనప్పుడు మనుషులు ఏం చేస్తారో మనకు తెలుసు కదా! తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏదో చూసి బెదిరిపోయిందని ఆ ఇంట్లోనూ అనుకున్నారట. మన పల్లెల్లో గ్రహణం అంటాము, దిష్టి అంటాము, అత్తవారి తరఫునా పుట్టింటి తరఫునా పాతకథలు తవ్వుతాము. చివరికి నింద వచ్చి తల్లిమీదే పడుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, నేడు తెలిసిన సంగతి చెబుతాను. మన శరీరంలోని కణాల్లో మామూలుగా 46 క్రోమోజోములు ఉంటాయి, 23 జతలుగా. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలో చాలావరకు 21వ జతలో రెండు ఉండవలసిన చోట మూడు ఉంటాయి, మొత్తం 47. బీజకణాలు తయారయ్యేటప్పుడు జత విడిపోవలసినది విడిపోకపోవడమే ఎక్కువమందిలో దీనికి కారణం. తల్లి వయసు పెరిగేకొద్దీ ఇది జరిగే అవకాశం పెరుగుతుంది, కాని ఏ వయసు తల్లికైనా జరగవచ్చు. ఆన్ పుట్టినప్పుడు ఇవోన్ వయసు 27 ఏళ్ళు మాత్రమే. ఆమె ఏదో తినడంవల్ల కాదు, చూడడంవల్ల కాదు, పాపంవల్ల కాదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇతడు పాపం చేశాడా, ఇతడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు ఏసుప్రభువు ఆ రెండూ కాదని తోసిపుచ్చారు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం ఇంటికి వెళ్ళి చదవండి. రెండువేల ఏళ్ళ నాడు ఆయన కొట్టివేసిన ప్రశ్నను మనం ఇంకా తల్లులమీద రుద్దుతున్నాము.

ఆ రోజుల్లో ఫ్రాన్సులో కాస్త కలిగిన కుటుంబాలవారు ఇటువంటి బిడ్డను ఏదో ఒక ఆశ్రమంలో చేర్చి, నెలనెలా డబ్బు పంపి, నలుగురిలో ఆ పేరు ఎత్తకుండా బతికేవారు. అధికారి ఉద్యోగం, బదిలీలు, విందులు, పై అధికారుల రాకపోకలు. డిగాల్ దంపతులకు సాకులకు కొరత లేదు. వారు ఆ దారి పట్టలేదు. ఈ బిడ్డ ఈ లోకానికి రావాలని కోరుకున్నది కాదు, రప్పించినవారము మేము, కాబట్టి చూసుకోవలసింది మేమే అన్నది వారి నిర్ణయం. ఆన్‌ను తక్కువగా చూడకూడదని అన్నకూ అక్కకూ నేర్పారు. 1929లో తండ్రికి బేరూతుకు బదిలీ అయితే, ఏడాది నిండిన ఆన్ కూడా ఓడెక్కి వెళ్ళింది. రెండేళ్ళు అక్కడే ఉన్నారు.

అలాగని వారు ఏడవలేదని అనుకోకండి. ఆన్ మిగతా పిల్లల్లాంటి పిల్ల అయితే ఆరోగ్యం, ఆస్తి, ఉద్యోగంలో ఎదుగుదల, అన్నీ ఇచ్చివేయడానికి సిద్ధమని తల్లి ఒక స్నేహితురాలికి రాసుకుంది. విశ్వాసం ఉన్న తల్లికి కూడా కన్నీళ్ళు వస్తాయి. కన్నీళ్ళు వచ్చినంత మాత్రాన విశ్వాసం లేదని కాదు. ఈ మాట మీలో కొందరు తల్లుల కోసం రాస్తున్నాను.

ఆ కుటుంబానిది ఒక ఫోటో ఉంది. 1933లో బెనొదే అనే ఊరి సముద్రతీరంలో తీసినది. మన బారువ ఒడ్డు లాగే ఇసుక. అంతమంది తీరిగ్గా తిరిగే ఆ చోట సూటు వేసుకొని కుర్చీలో కూర్చున్న పొడవాటి మనిషి. ఆయన మోకాళ్ళమీద అయిదేళ్ళ ఆన్. ఆయన చూపు ఫోటో తీసేవారి వైపు లేదు, కూతురి వైపే ఉంది. సైనికులు చూస్తే వణికే ఆ మనిషి సాయంత్రం ఇంటికి రాగానే కూతురి చేయి పట్టుకొని నడిచేవాడు, పాటలు పాడేవాడు, చిందులు వేసేవాడు, తన సైనికటోపీ తీసి ఆడుకోమని ఇచ్చేవాడు. కన్నబిడ్డలకైనా అంత చనువు ఇవ్వని మనిషి ఆ ఒక్క బిడ్డ దగ్గర మాత్రం మెత్తబడేవాడని ఇంటివారు చెప్పారు.

1934లో వారు ఫ్రాన్సు తూర్పున కొలొంబే అనే పల్లెలో ఒక పాత ఇల్లు కొన్నారు. కొన్ని వందల జనాభా గల చిన్న పల్లె, చుట్టూ పొలాలు, అడవులు. అంత దూరాన ఎందుకు కొన్నారు? ఆన్‌కు తోట కావాలి, నిశ్శబ్దం కావాలి, వింతగా చూసే కళ్ళు లేని చోటు కావాలి. ఇల్లు ఎన్నుకోవడంలో ఇది పెద్ద కారణం. పాఠకులు ఇక్కడ నన్ను అడగవచ్చు: ఫాదర్ గారూ, వారు కూడా దాచినట్టే కదా? లేదు. దాచడం వేరు, కాపాడడం వేరు. దాచేవాడు తన పరువు కోసం దాస్తాడు. కాపాడేవాడు బిడ్డ నెమ్మది కోసం కాపాడతాడు. డిగాల్ దంపతులు బిడ్డను లోపలి గదిలో పెట్టి తాము ముందు గదిలో కూర్చోలేదు. బిడ్డకు ఏ చోటు నెమ్మదిగా ఉంటుందో చూసి, ఇల్లంతా అక్కడికి మార్చుకున్నారు. చుట్టాలు వచ్చినా ఆమె ఆ ఇంటి పిల్లే.

1940 వచ్చింది. జర్మన్ సైన్యం ఫ్రాన్సులోకి చొచ్చుకొని వచ్చింది. జూన్ 17న డిగాల్ విమానంలో లండన్ చేరాడు. 18న రేడియోలో తన దేశస్థులను పోరాటానికి పిలిచాడు. ఆ రోజు చరిత్ర పుస్తకాల్లో ఉంది. అదే రోజు ఇవోన్ ఏం చేసిందో చాలా పుస్తకాల్లో లేదు. భర్త ఎక్కడున్నాడో సరిగా తెలియదు. పద్దెనిమిదేళ్ళ కొడుకు, పదహారేళ్ళ కూతురు, పన్నెండేళ్ళ ఆన్, ఆన్‌ను చూసుకునే దాది. వీరిని వెంటబెట్టుకొని ఆమె బ్రెస్ట్ రేవులో ఓడ ఎక్కింది. మరునాడు ఇంగ్లండు ఒడ్డున దిగింది. అదే మరునాడు జర్మన్లు బ్రెస్ట్‌లోకి వచ్చేశారు.

ఆ ఒక్క రోజు తేడా ఎంతటిదో చెబుతాను. ఆన్ పుట్టిన జర్మనీ దేశంలోనే అప్పటికి నాజీ ప్రభుత్వం మనోవైకల్యం ఉన్నవారినీ అంగవైకల్యం ఉన్నవారినీ పనికిరాని ప్రాణాలుగా లెక్కగట్టి, రహస్యంగా చంపుతున్నది. 1940 జనవరి నుండి 1941 ఆగస్టు వరకు విషవాయువు గదుల్లోనే 70,000 మందికి పైగా చంపారు. ఊరికే లెక్కల కాగితంమీద పెన్సిలుతో గుర్తు పెట్టేవారు, బస్సు వచ్చి తీసుకొనిపోయేది. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ పీఠాధిపతులు ఫాన్ గాలెన్ గారు ప్రసంగపీఠం ఎక్కి దీనిని హత్య అని బాహాటంగా ఖండించారు. ఒక మనిషి ఎంత పని చేయగలడన్నది చూసి అతని ప్రాణానికి వెల కట్టడం మొదలుపెడితే, ఆ లెక్క చివరికి ఎక్కడికి చేరుతుందో ఆ దేశం చూపింది.

ఇంగ్లండులో కూడా నెమ్మది లేదు. లండన్ శివార్లలో బాంబుల మోతకు ఆన్ భయపడిపోయేది. తల్లి ఆమెను తీసుకొని దూరపు పల్లెకు మారింది. జనరల్ వారాంతంలోనో, నెలకొకసారో వెళ్ళి కూతురి పక్కన కూర్చొని వచ్చేవాడు. 1943లో అల్జీర్సుకు, 1944లో తిరిగి ఫ్రాన్సుకు. ఓడలు, విమానాలు, అద్దె ఇళ్ళు. ఒక దేశపు భవిష్యత్తు మోస్తున్న కుటుంబం ఎక్కడికి వెళ్ళినా ఆన్ వెంట ఉంది. మే నెల యుద్ధం జరుగుతున్నప్పుడు డిగాల్ ఒక సైనిక గురువుతో మనసు విప్పి మాట్లాడాడని చెబుతారు. ఈ బిడ్డ పుట్టుక తమకు పరీక్షే అయినా, ఆమె తనకు దేవుడిచ్చిన వరమనీ, మనిషి ఎంత అల్పుడో మరచిపోకుండా తనను నేలమీద నిలబెట్టింది ఆమేననీ ఆ మాటల సారాంశం.

యుద్ధం ముగిసింది. ఇక తల్లిని ఒక దిగులు పట్టుకుంది. ఉద్దానంలో ఇటువంటి బిడ్డలున్న ప్రతి తల్లీ రాత్రి పడుకోబోయే ముందు ఇదే దిగులు పడుతుందని నాకు తెలుసు. మేము పోయాక దీని గతి ఏమిటి? ఇవోన్ దిగులుపడుతూ కూర్చోలేదు. 1945లో పారిస్ దగ్గర మిలోన్ లా షాపెల్ అనే ఊళ్ళో ఒక పెద్ద భవనం కొని, మనోవైకల్యం ఉన్న ఆడపిల్లలకు నివాసం ఏర్పాటు చేయసాగింది. ముఖ్యంగా చూసుకునేవారు లేని పేద కుటుంబాల పిల్లలకు. తమ బిడ్డకు ఒక గూడు వెతకబోయి, నలుగురి బిడ్డలకూ గూడు కట్టింది. ఆ సంస్థకు ఆన్ పేరే పెట్టారు. తరువాత డిగాల్ మూడు సంపుటాల యుద్ధ జ్ఞాపకాలు రాస్తే, దాని రాబడి ఆ సంస్థకు పోయింది. ఆన్ డిగాల్ సంస్థ నేటికీ పనిచేస్తున్నది.

ఆన్ మాత్రం అక్కడ ఉండే అవసరం రాలేదు. 1948 ఫిబ్రవరి మొదట్లో ఆమెకు జలుబు చేసి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి అప్పట్లో ఛాతీ జబ్బులు ప్రాణాంతకాలు. బాల్యం దాటి బతికినవారే తక్కువ. ఫిబ్రవరి 6న కొలొంబే ఇంట్లో, తండ్రి చేతుల్లో, ఆమె ప్రభువునందు నిద్రించింది. ఊరి గుడి పక్క సమాధుల తోటలో పాతిపెట్టారు. అందరూ వెళ్ళాక తండ్రి భార్య చేయి పట్టుకొని, ఇప్పుడు మన పాప కూడా అందరిలాంటిదే అయిందని ఓదార్చాడని చెబుతారు.

ఈ మాట నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. బతికినంతకాలం ఆమె అందరిలాంటిది కాదా? గురువిద్యాలయంలో మేము తత్వశాస్త్రం చదివేటప్పుడు మనిషి అంటే హేతువు గల ప్రాణి అని నేర్చుకున్నాము. ఆరో శతాబ్దపు బొయేతియుస్ వ్యక్తి అనే మాటకు ఇచ్చిన నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాను. కాని అందులో ఉన్నది హేతు స్వభావం గల ఒక్కొక్క అస్తిత్వం అనే. హేతువును ప్రదర్శించి చూపించినవాడు అని కాదు. స్వభావం వేరు, ప్రదర్శన వేరు. నిద్రపోయేవాడు మనిషి కాకుండా పోడు. పసిబిడ్డ మనిషి కాకుండా పోదు. ఈ తేడా నాకు పరీక్ష కాగితంమీద తెలుసు. మనుషుల మధ్య తెలియలేదు.

ఎలా తెలియలేదో ఒప్పుకుంటాను. గురువుగా అభిషేకం పొందిన కొత్తలో నేను వేరే విచారణలో ఉన్నాను. ఒక తల్లి పద్నాలుగేళ్ళ కుర్రాణ్ణి తీసుకొని వచ్చింది. డౌన్ సిండ్రోమ్. ఆ ఏడు ప్రథమ దివ్యసత్ప్రసాదం పిల్లలతో పాటు తన కొడుకునీ చేర్చమని అడిగింది. నేను ఆ బాలుణ్ణి పరలోక జపం చెప్పమన్నాను. రెండు మూడు మాటలు పలికి నవ్వాడు. దశాజ్ఞలు అడిగాను. మళ్ళీ నవ్వాడు. వచ్చే ఏడు చూద్దాం లెండి అన్నాను. ఆ తల్లి ఏమీ అనలేదు. సరే బాబూ అని వెళ్ళిపోయింది. వచ్చే ఏడు ఆమె అడగలేదు. ఆదివారం పూజకు ఆమె ఒక్కతే వచ్చి చివర కూర్చునేది. నేనూ అడగలేదు. అంతలో నాకు బదిలీ అయింది. పునీత పదో భక్తినాథ పోపుగారు 1910లోనే చిన్నపిల్లలకు దివ్యసత్ప్రసాదం ఇవ్వమని ఆజ్ఞాపిస్తూ, దానికీ మామూలు రొట్టెకూ తేడా ఉన్నదని వారి వయసుకు తగినట్లు గుర్తిస్తే చాలన్నారు. ఆ బాలుడు గుడిలోకి రాగానే చెప్పులు విడిచి, మందసం వైపు తిరిగి, రెండు చేతులూ జోడించేవాడు. నేను చూశాను. చూసి కూడా బట్టీ పాఠం అడిగాను. లోపలి గదిలో బిడ్డను పెట్టిన తండ్రిని నేనెలా తప్పుపట్టగలను? ఆ గది తలుపు మూయడంలో నా చేయి కూడా ఉంది.

కనుక డిగాల్ మాటను ఇప్పుడు ఇలా అర్థం చేసుకుంటున్నాను. ఆయన కూతురు ఎప్పుడూ అందరిలాంటిదే. ఇరవై ఏళ్ళపాటు లోకం ఆమెను అలా లెక్కించదని ఆ తండ్రికి తెలుసు. సమాధి దగ్గర మాత్రమే ఆ లెక్క ఆగింది. అది కన్నతండ్రి అలసట.

మిగిలిన కథ త్వరగా చెబుతాను. 1962 ఆగస్టు 22న పారిస్ శివారులో డిగాల్ ప్రయాణిస్తున్న కారుమీద తుపాకులతో దాడి చేశారు. పక్కన భార్య ఉంది. ఇద్దరూ బతికారు. ఆయన ఎప్పుడూ వెంట ఉంచుకునే ఆన్ ఫోటో చట్రమే తూటాను ఆపిందని ఒక కథ చెప్పుకుంటారు. నాకు ఆ తూటా కథ ముఖ్యం కాదు. కూతురు పోయిన పద్నాలుగేళ్ళకు, దేశాధ్యక్షుడై ఉండి, ఆమె ఫోటో వెంట పెట్టుకొని తిరిగిన తండ్రి అని లోకం చెప్పుకోవడమే నాకు ముఖ్యం.

1970 నవంబరు 9న ఆయన కొలొంబే ఇంట్లోనే మరణించాడు. 1952లోనే మరణశాసనం రాసి ఉంచాడు. రాజలాంఛనాలు వద్దు, మంత్రులు వద్దు, ప్రసంగాలు వద్దు. ఊరి గుడిలో ప్రార్థన చాలు. సమాధి తన కూతురు ఆన్ పడుకొని ఉన్న చోటే, రాతిమీద పేరు, సంవత్సరాలు తప్ప ఇంకేమీ రాయవద్దు. అలాగే చేశారు. ఊరి యువకులు పెట్టెను భుజాలమీద మోశారు. 1979 నవంబరులో ఇవోన్ కూడా అక్కడికే చేరింది. ఫ్రాన్సు తన మహాపురుషులను పారిస్‌లో గొప్ప మందిరంలో పడుకోబెడుతుంది. డిగాల్ మాత్రం పల్లెలో ఉన్నాడు, ఎందుకంటే ఆయన చిన్నమ్మాయి అక్కడ ఉంది. ఇల్లు కొన్నది ఆమె కోసం, సమాధి ఎన్నుకున్నది ఆమె పక్కన. ఆమెకు ఎక్కడో ఒక మూల చోటు ఇవ్వలేదు ఆ తల్లిదండ్రులు. తమ చోటునే ఆమె చుట్టూ అమర్చుకున్నారు.

ఆన్ పోయిన పదకొండేళ్ళకు, 1959 జనవరిలో, ఫ్రాన్సులోనే జెరోమ్ లెజ్యూన్, మార్త్ గోతియే, రేమోన్ ట్యుర్పాన్ అనే వైద్యులు ఆ అదనపు క్రోమోజోము సంగతి లోకానికి వెల్లడించారు. లెజ్యూన్ గారు భక్తుడైన కతోలికుడు. చికిత్సకు దారి తీస్తుందనుకున్న తన పరిశోధనను గర్భంలోనే ఈ బిడ్డలను గుర్తించి తొలగించడానికి వాడుతున్నారని ఆయన జీవితాంతం బాధపడ్డాడు, దానిని ఎదిరించి మాట్లాడాడు, పదవులూ గౌరవాలూ పోగొట్టుకున్నాడు. 1994 ఏప్రిల్ 3న, పాస్కా పండుగ నాడు, మరణించాడు. 2021లో పోపు ఫ్రాన్సిస్ గారు ఆయన వీరోచిత సుగుణాలను గుర్తించారు. 2012 నుండి ఐక్యరాజ్యసమితి మార్చి 21ని డౌన్ సిండ్రోమ్ దినంగా పాటిస్తున్నది. మూడో నెల, 21వ తేదీ: 21వ జతలో మూడు.

ఇప్పుడు మన ఉద్దానం సంగతి. కిడ్నీ జబ్బు మన ఊళ్ళను ఎన్నేళ్ళుగా పీడిస్తున్నదో నేను మీకు చెప్పనక్కరలేదు. వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కు మనిషిని తీసుకొని వెళ్ళి తెచ్చుకుంటున్నారు. జీడిపప్పు పనికి వెళ్ళే ఆడవాళ్ళు కూలి పోగొట్టుకొని మరీ భర్తలకు తోడు వెళుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరిచెట్లను కూల్చినప్పుడు కూడా రోగులను వదలలేదు. కిడ్నీ జబ్బు మనిషిని మనం లోపలి గదిలో దాచము. పూజలో పేరు చదివి ప్రార్థిస్తాము. ఒకరి బరువు ఇంకొకరు మోయడం ఉద్దానానికి కొత్తగా నేర్పవలసిన పని కాదు. మరి ఈ బిడ్డల దగ్గర మాత్రమే సిగ్గు ఎందుకు?

కొన్ని పనికొచ్చే సంగతులు. ఈ బిడ్డల్లో దాదాపు సగంమందికి పుట్టుకతో గుండెలో లోపం ఉంటుంది. కనుక పుట్టగానే గుండె పరీక్ష చేయించండి. థైరాయిడ్, చెవి, కన్ను పరీక్షలు మానవద్దు. మంచి వైద్యం అందే దేశాల్లో వీరు నేడు సగటున అరవై ఏళ్ళదాకా బతుకుతున్నారు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడికి పంపండి. 2016 చట్టం ప్రకారం చదువు వీరి హక్కు. వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు అర్హత ఉంటుంది. 2024లో మన రాష్ట్రంలో దానిని నెలకు 6,000 రూపాయలకు పెంచారు. పద్దెనిమిదేళ్ళు నిండాక బిడ్డకు చట్టరీత్యా సంరక్షకులను నియమించుకోవడానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. జిల్లాలో కలెక్టరు గారి కమిటీకి దరఖాస్తు చేయాలి. మేము పోయాక ఎవరు అన్న ప్రశ్నకు ఇది కొంత జవాబు. మిగతా జవాబు అన్నలూ, అక్కలూ, మేనమామలూ, విచారణలో ఇరుగుపొరుగూ ఇవ్వాలి. ఇవోన్ ఒక్కతే అనుకొని ఉంటే ఆ భవనం లేచేది కాదు.

నా వంతు కూడా చెబుతాను. ఇకమీదట నా దగ్గర ప్రథమ దివ్యసత్ప్రసాదానికి ఈ బిడ్డలకు బట్టీ పరీక్ష లేదు. మీరు తీసుకొని రాలేకపోతే నేనే మీ ఇంటికి వస్తాను. పూజలో బిడ్డ అరిస్తే అరవనివ్వండి, నవ్వితే నవ్వనివ్వండి. నా ప్రసంగానికి అడ్డం అవుతుందని బయటికి తీసుకొని వెళ్ళకండి. పక్కవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే, చూసినవాళ్ళకే నేను చెబుతాను.

కొబ్బరితోట ఇంటి యజమాని గారూ, ఈ పత్రిక మీ ఇంటికి వస్తుందని నాకు తెలుసు. వచ్చే నెల మళ్ళీ అటు వస్తున్నాను. పిల్లలెంతమంది అని మళ్ళీ అడుగుతాను. ఈసారి ఆ నవ్వే బిడ్డ పేరు కూడా నాకు చెప్పండి.